శుద్ధధన్యాసి పాడే హంగేరీ

టామ్ అండ్ జెర్రీ తెలియని ఇల్లు ఉండదు కదా. అందులో ఒకసారి టామ్ నల్లకోటు తగిలించుకుని, మహా విద్వాంసుడిలా పియానో ముందు కూర్చుని కచేరీ మొదలుపెడుతుంది. పియానో లోపల హాయిగా పడుకున్న జెర్రీకి నిద్ర చెడుతుంది. ఇక చూస్కోండి యుద్ధం! 1947లో వచ్చిన ఆ కార్టూన్‌కి ఆస్కార్ కూడా ఇచ్చారు. టామ్ అంత తంటాలు పడి వాయించింది ఫ్రాంజ్ లిస్ట్ రాసిన రెండో హంగేరియన్ రాప్సొడీ.

చాప్లిన్ 'ది గ్రేట్ డిక్టేటర్' చూసినవాళ్లకు ఇంకోటి గుర్తుండాలి. రేడియోలో సంగీతం వస్తూ ఉంటుంది, దాని నడకకు తగ్గట్టు మంగలి వేషంలో చాప్లిన్ ఒకాయనకు గడ్డం గీస్తుంటాడు. కత్తి ఎప్పుడు ఎటు పోతుందోనని కుర్చీలో కూర్చున్నవాడి కంటే మనకే ఎక్కువ భయం. అది బ్రామ్స్ రాసిన ఐదో హంగేరియన్ డాన్స్.

కాబట్టి హంగేరీ సంగీతం మేం ఎప్పుడూ వినలేదండీ అని మాత్రం అనకండి. ఎప్పుడో మీ చెవిన పడింది. చిన్న తిరకాసు మాత్రం ఉంది. ఆ రెండింటిలోనూ మీరు విన్నది హంగేరీ పట్నాన్ని. పల్లె అందులో లేదు. పల్లె పాట బయటికి రావడానికి 20వ శతాబ్దం రావాల్సి వచ్చింది, ఇద్దరు కుర్రాళ్లు ఫోనోగ్రాఫ్ మోసుకుంటూ ఊళ్లు పట్టుకుని తిరగాల్సి వచ్చింది. ఆ కథే ఇవాళ్టి కబుర్లు.

ముందు పట్నం సంగతి చూద్దాం. 18వ శతాబ్దంలో సైన్యంలోకి కుర్రాళ్లను చేర్చుకోవడానికి సిపాయిలు ఊళ్ల మీదికి వచ్చేవాళ్లు. ఊరికే రమ్మంటే ఎవరొస్తారు చెప్పండి? అందుకని రోమాల, అంటే మనం జిప్సీలని పిలిచేవాళ్ల, వాద్యబృందాన్ని వెంటబెట్టుకొచ్చి, డాబుగా నృత్యం చేసి, కాస్త తాగించి, కుర్రాడి చేత సరేననిపించేవాళ్లు. ఆ నృత్యం పేరు వెర్బుంకోష్. మొదట ఠీవిగా, నింపాదిగా నడుస్తుంది. తర్వాత వేగం అందుకుంటుంది. 19వ శతాబ్దంలో అందరూ ఆడిన చార్దాష్‌కి మూలం అదే. ఈ బాణీలో పాటలు కట్టింది ఎక్కువగా చదువుకున్న మధ్యతరగతివాళ్లు, చిన్నపాటి జమీందార్లు. కాఫీ హోటళ్లలో, విందుల్లో వాటిని వాయించింది రోమాలు. విన్నవాళ్లు పట్నవాసులు. బయటి దేశాలవాళ్లేమో దీన్నే హంగేరీ జానపదం అనుకున్నారు. హైడెన్ అంతటి స్వరకర్త 1795లో ఒక పియానో త్రయం ముక్తాయింపుని హంగేరీ బాణీ అని పేరు పెట్టి మరీ రాశాడు. బ్రామ్స్ ఆ ఐదో డాన్స్‌ని ఎవరి సొత్తూ కాని జనం పాట అనుకుని తీసుకున్నాడు. తీరా చూస్తే అది బేలా కేలెర్ అనే స్వరకర్త రాసిన చార్దాష్! అప్పటికి ఆయన బతికే ఉన్నాడు కూడా. ఇక లిస్ట్ అయితే ఈ సంగీతమంతా రోమాల సృష్టేనని 1859లో ఏకంగా పుస్తకమే రాసి స్వదేశమైన హంగేరీలో తిట్లు తిన్నాడు.

మీకు కర్ణాటక సంగీతంతో కాస్త పరిచయం ఉంటే ఇక్కడో తమాషా. ఈ పట్నపు బాణీలో తరచుగా దొర్లే స్వరాల వరస ఒకటుంది. పాశ్చాత్యులు హంగేరియన్ మైనర్ అంటారు, జిప్సీ మైనర్ అనీ అంటారు. మన లెక్కన అది 57వ మేళకర్త సింహేంద్రమధ్యమం. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. మన గమకాలు ఉండవు కాబట్టి మనకు రాగంలా వినిపించదు కానీ, మెట్లు మాత్రం అవే. అందులో ఉండే జాలీ, ఆ బిగువూ యూరప్ కచేరీ హాళ్లకు తెగ నచ్చాయి. హంగేరీ అంటే ఇంతే కాబోలు అనుకున్నారు.

అలా అనుకున్నవాళ్లలో బేలా బార్టోక్ కూడా ఉన్నాడు.

1881లో పుట్టాడాయన. తండ్రి చిన్నప్పుడే పోతే, పియానో పాఠాలు చెప్పే తల్లి పెంచింది. అప్పటి హంగేరీ ఆస్ట్రియా చక్రవర్తి కింద ఉండేది. ఇరవై రెండేళ్ల బార్టోక్‌కి దేశభక్తి ఉడుకెత్తిపోతోంది. హంగేరీ జాతీయ దుస్తులు వేసుకుని తిరిగేవాడు, ఇంట్లో జర్మన్ మాట్లాడొద్దని తల్లికి ఉత్తరాలు రాసేవాడు. 1848 విప్లవ నాయకుడు కోషూత్ మీద పెద్ద ఆర్కెస్ట్రా కృతి కట్టి, అందులో ఆస్ట్రియా జాతీయ గీతాన్ని వంకర టింకరగా వెక్కిరించాడు. ఆర్కెస్ట్రాలోని ఆస్ట్రియన్లు కొందరు మేం వాయించం పొమ్మన్నారు. ఊళ్లో పేరు మాత్రం మోగిపోయింది. అయితే ఇంత హంగేరీ దేశభక్తి ఉన్న ఆ కృతిలో సంగీతం ఎవరిదనుకున్నారు? సగం జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ధోరణి, సగం లిస్ట్ నాటి పట్నపు బాణీ. పల్లె ఊసే లేదు.

1904 ఎండాకాలంలో ఆయన, ఇప్పుడు స్లొవాకియాలో ఉన్న ఒక పల్లెలో పియానో సాధన చేసుకుంటూ మకాం పెట్టాడు. పక్క భాగంలో దిగిన కుటుంబంతో పాటు పిల్లల్ని చూసుకునే అమ్మాయి ఒకతి వచ్చింది. పేరు లిది దోషా. అప్పటికి హంగేరీలోనే ఉన్న ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చిన, సెకేయ్ అనే హంగేరియన్ తెగ పిల్ల, వయసు 18 ఏళ్లు. పిల్లాణ్ని ఆడిస్తూ పాడుకుంటోంది, బురదలో పడ్డ ఎర్ర ఆపిల్ గురించిన పాట. బార్టోక్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇది కాఫీ హోటల్ పాట కాదు, పుస్తకాల్లో ఉన్నదీ కాదు. కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ పాడించుకుని స్వరం రాసుకున్నాడు. పాడమన్నదెందుకో ఆ అమ్మాయికి ఏం అర్థమై ఉంటుంది లెండి.

ఆ డిసెంబర్‌లో చెల్లెలికి రాసిన ఉత్తరంలో తన కొత్త ఆలోచన చెప్పాడు. హంగేరీ జానపద గీతాల్లో మేలైనవి ఏరి, వాటికి మంచి పియానో సహకారం రాసి, కళాగీతాల స్థాయికి తీసుకురావాలట. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పాపం పల్లె పాట, చదువుకున్నవాడు చెయ్యిచ్చి పైకి లాగాలి అన్న ధోరణి అది. తర్వాత నలభయ్యేళ్లలో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. ఆ పాటలే ఆయన్ని ఉన్నచోటి నుంచి పెళ్లగించి ఇంకోచోట నిలబెట్టాయి.

రెండో కుర్రాడు జోల్తాన్ కొదాయ్. బార్టోక్ కంటే దాదాపు రెండేళ్లు చిన్న. తండ్రి రైల్వే స్టేషన్‌లో ఉద్యోగి. బాల్యం గలాంతా అనే చిన్న ఊళ్లో గడిచింది. బార్టోక్‌కి ఆవేశం ఉంటే ఈయనకు పద్ధతి ఉంది. హంగేరీ జానపద గీతాల చరణ నిర్మాణం మీద 1906లో డాక్టరేట్ తీసుకున్నాడు. వీళ్ల కంటే ముందే, 1890లలో, బేలా వికార్ అనే పండితుడు ఎడిసన్ ఫోనోగ్రాఫ్ పట్టుకుని పల్లెల్లో పాటలు రికార్డు చెయ్యడం మొదలుపెట్టాడు. యూరప్‌లో ఆ పని చేసిన తొలి మనుషుల్లో ఆయనొకడు. ఆయన వేసిన బాటలోనే వీళ్లిద్దరూ నడిచారు.

1906లో ఇద్దరూ కలిసి ఇరవై పాటల పుస్తకం వేశారు. మొదటి పదీ బార్టోక్‌వి, తర్వాతి పదీ కొదాయ్‌వి. హంగేరీ ప్రజలారా, ఇదిగో మీ అసలు పాట అని ఎంతో ఆశగా చేతికిస్తే, ఆ ముద్రణ అమ్ముడుపోవడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. జనం కాఫీ హోటల్లో ఫిడేలు వింటూ హాయిగా ఉన్నారు మరి.

పాటలు సేకరించడమంటే ఇప్పుడు ఫోన్ తీసి రికార్డు నొక్కినట్టు కాదు. మైనపు గొట్టాలు, కొమ్ముబూరలా ఉండే గరాటా, బరువైన పెట్టె. ఒక్కో గొట్టం మీద పట్టేది కొద్ది నిమిషాలే. కాబట్టి పాట ఎంత పొడుగున్నా తొలి చరణాలు మాత్రమే గొట్టంలోకి, మిగతా మాటలు కాగితం మీదికి. బండిలో ఎక్కించుకుని, బురదలో దిగబడుతూ ఊరూరా తిరగడం. అసలు పాతపాటలు ఉండేది ముసలమ్మల దగ్గర. వాళ్లేమో పాడమంటే సిగ్గుపడతారు. కుర్రకారు ముందు ముసలమ్మ పాడితే నవ్వుతారని భయం.

1907లో బార్టోక్ ట్రాన్సిల్వేనియా నుంచి, తను ప్రేమిస్తున్న వయొలినిస్టు స్తెఫీ గేయెర్‌కి ఒక ఉత్తరం రాశాడు. నాటకంలా మాటకి మాట రాసిన ఉత్తరం. ఆయన ఒక పల్లెటూరి ఆవిణ్ని పట్టుకుని, అమ్మమ్మల కాలం పాటలు ఏమైనా వచ్చా అని అడుగుతాడు. ఆవిడ ముందు ఏమీ రావంటుంది. బతిమాలగా బతిమాలగా ఒకటి ఎత్తుకుంటుంది. అదేమో పట్నంలో అందరూ పాడే పాటే! అది కాదమ్మా, పాతవి, అంటాడు. ఈసారి దేవుడి పాట ఎత్తుకుంటుంది. అదీ కాదమ్మా అంటాడు. ఇలా సాగుతూనే ఉంటుంది. చదువుతుంటే నవ్వాగదు, ఆయన మీద జాలీ ఆగదు. పైగా ఆ ఉత్తరం అందుకున్నావిడ ఆయన ప్రేమను తిప్పికొట్టింది. ఆ యేడు పాపం ఆయనకు ఏదీ ఒక పట్టాన దొరకలేదు.

కానీ ఆ ప్రయాణంలోనే, చీక్ జిల్లా ఊళ్లలో, అసలు నిధి దొరికింది. అక్కడి ముసలివాళ్లు పాడే అతి పాత పాటల్లో ఐదే స్వరాలున్నాయని బార్టోక్ గమనించాడు. ఏ ఐదో మన భాషలో చెప్పమంటారా? స గ మ ప ని. గాంధారం సాధారణం, మధ్యమం శుద్ధం, నిషాదం కైశికి. అదేనండీ, శుద్ధధన్యాసి! తిరుమల కొండ మీద మైకులో, ఎమ్మెస్ గొంతులో, అన్నమయ్య 'భావములోన' విన్న ప్రతివాడికీ తెలిసిన మెట్లు. మోహనంలో ధైవతాన్ని షడ్జం చేసుకుని పాడితే వచ్చేవీ అవే. మన సంగీతానికీ వాళ్ల పాటకీ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. ఐదు స్వరాల పాటలు భూమ్మీద చాలాచోట్ల ఉన్నాయి. కానీ కచేరీ హాలులో సింహేంద్రమధ్యమం పాడిన హంగేరీ, కొండ ఊళ్లో శుద్ధధన్యాసి పాడుకుంటోందని తెలిస్తే మనలాంటివాళ్లకు వెంటనే ఎక్కుతుంది, రెండింటికీ మధ్య ఎంత దూరముందో.

ఆ పాత పాట నడకా వేరు. నాలుగు పాదాలు. పాట పైనుంచి మొదలై కిందికి దిగుతుంది. చాలా పాటల్లో మొదటి రెండు పాదాల వరసనే తర్వాతి రెండు పాదాల్లో ఐదు స్వరాల మెట్టు కిందికి దించి పాడతారు. తాళం కచ్చితంగా ఉండదు, మాట ఎలా నడిస్తే పాట అలా నడుస్తుంది. హంగేరియన్ భాషలో ప్రతి మాటకీ మొదటి అక్షరం మీదే ఊనిక. అందుకని పాట కూడా మొదటి దెబ్బతోనే ఎత్తుకుంటుంది. ముందు ఒక చిన్న స్వరం వేసి తర్వాత దెబ్బ వేసే జర్మన్ అలవాటు దానికి లేదు. ఇక పాడేవాళ్లు వేసే సన్న సన్న సంగతులు! బార్టోక్ ఫోనోగ్రాఫ్ వేగం తగ్గించి, ఒక్కో స్వరం చుట్టూ ఉన్న అల్లికంతా కాగితం మీద పెట్టాడు. మన గమకాల్ని పాశ్చాత్య స్వరలిపిలో రాయడానికి తంటాలు పడ్డవాళ్లకి తెలుస్తుంది ఆ పని ఎంత కష్టమో.

సరే, ఐదు స్వరాల పాట దొరికింది. దాంతో పెద్ద సంగీతానికి ఒరిగిందేమిటి? మీరు అడుగుతారని తెలుసు.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో అప్పటికి రెండు వందల ఏళ్లుగా ఒక చట్టం నడుస్తోంది. కాకలి నిషాదం పై షడ్జం వైపు లాగుతూ ఉంటుంది, వినేవాడు ఆ లాగుడు తెగి షడ్జం చేరేదాకా కుదురుగా కూర్చోలేడు. ఆ సంగీతంలోని నాటకమంతా ఈ లాగుడు మీదే ఆధారపడింది. ముసలమ్మ పాటలో అసలు ఆ స్వరమే లేదు. ఉన్నది కైశికి నిషాదం, అది ఎటూ లాగదు. పంచమం ఎంత నిలకడగా నిలబడుతుందో అదీ అంతే నిలకడగా నిలబడుతుంది. బార్టోక్ ఇక్కడ తర్కం పట్టుకున్నాడు. పాటలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చేటప్పుడు స గ ప ని నాలుగూ సమానమైనప్పుడు, ఒకేసారి మోగితే మాత్రం అపస్వరం ఎందుకవుతుంది? పాఠ్యపుస్తకం అపస్వరం అని ముద్ర వేసిన నిషాదానికి ఆయన నిశ్చింతగా కుర్చీ వేశాడు. పాటలో నాలుగు స్వరాల ఎడంతో గెంతులు ఎక్కువ గనక, ఆ ఎడంతోనే కొత్త స్వరమేళనాలు కట్టాడు. ఇంకోటి కూడా కనిపెట్టాడు. పాట ఎంత సాదాగా ఉంటే దాని కింద అంత విచిత్రమైన స్వరాలు పెట్టొచ్చు. సాదా పాట అవేవీ అక్కర్లేదనదు, అవే కావాలనీ అనదు.

ఆ కాలంలో పాత చట్టాన్ని వదిలించుకోవాలని యూరప్ అంతా తహతహలాడుతోంది. వియన్నాలో స్వరకర్త షేన్‌బర్గ్ తనదైన దారిలో వదిలించుకున్నాడు. పారిస్‌లో డెబ్యుస్సీ మరో దారి. 1907లో కొదాయ్ పారిస్ నుంచి డెబ్యుస్సీ కృతులు తెచ్చి చూపిస్తే, అందులోనూ ఐదు స్వరాల పలుకులు కనిపించి బార్టోక్ ఆశ్చర్యపోయాడు. బార్టోక్‌కి మాత్రం ఆ విడుదల పల్లెలో దొరికింది. నా మటుకు నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. పల్లె పాట వైపు వెళ్లినవాడు వెనక్కి వెళ్తాడనుకుంటాం. ఈయన అటు వెళ్లి, తన తరంలో అందరికంటే కొత్తవాళ్లలో ఒకడయ్యాడు.

నమ్మకం కుదరకపోతే 1911లో రాసిన ఒపెరా 'బ్లూబియర్డ్ కోట' మొదలు వినండి. చీకట్లో కింది తీగల వాద్యాలు ఐదు స్వరాల వరస ఒకటి నెమ్మదిగా పలుకుతాయి. ఎక్కడా ఏ జానపద గీతాన్నీ అరువు తెచ్చుకోలేదు. బేలా బలాజ్ రాసిన మాటలు పాత ట్రాన్సిల్వేనియా గాథల్లోలాగా ఎనిమిదేసి అక్షరాల పాదాలు. వాటిని బార్టోక్ ముసలమ్మలు పాడినట్టే, మాట నడకతోనే పాడించాడు. హంగేరియన్ భాష ఒపెరా వేదిక మీద తన సొంత నడక నడిచింది అప్పుడే. పోటీకి పంపితే తిప్పికొట్టారు. 1918 దాకా వేదిక ఎక్కలేదు.

జానపదం పెద్ద సంగీతంలోకి ఎన్ని రకాలుగా వస్తుందో 1931లో ఆయనే ఒక ఉపన్యాసంలో చెప్పాడు. ఒకటి, పాటను ఉన్నదున్నట్టు తీసుకుని సహకారం చేర్చడం. కొన్నిసార్లు ఆ సహకారం రత్నం చుట్టూ పొదిగిన బంగారం లాంటిదన్నాడు. రెండు, పాటను పోలిన పాటను తనే కట్టడం. మూడోది పాటా లేదు, పోలికా లేదు. కృతి అంతటా ఆ గాలే వీస్తుంది. అంటే ఆ సంగీతం స్వరకర్తకు మాతృభాష అయిపోయిందన్నమాట. ఇప్పుడు 1904 నాటి ఉత్తరం గుర్తు తెచ్చుకోండి. పాటకి మంచి పియానో సహకారం రాసి పైకి తీసుకొస్తానన్నవాడికి, ఈ లెక్కలో అది మొదటి మెట్టు మాత్రమే.

ఇంకో ముచ్చట. ఈ మాతృభాషలో హంగేరీ ఒక్కటే లేదు. బార్టోక్ 1906 నుంచే స్లొవాక్ పాటలు, 1909 నుంచి రుమేనియన్ పాటలు సేకరించాడు. 1913లో అల్జీరియా వెళ్లి బిస్క్రా ఒయాసిస్సు దగ్గర అరబ్బు పాటలు రికార్డు చేశాడు. జర్మన్ మాట్లాడొద్దని తల్లితో పేచీ పెట్టుకున్న కుర్రాడు పొరుగు భాషలు నేర్చుకుంటూ తిరిగాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో త్రియానో ఒప్పందంతో హంగేరీ తన భూభాగంలో దాదాపు మూడింట రెండొంతులు పోగొట్టుకుంది. ఆయన పాటలేరిన ఊళ్లు రాత్రికి రాత్రి రుమేనియా, చెకొస్లొవాకియా అయిపోయాయి. దేశం గాయపడి ఉంది. ఆ సమయంలో రుమేనియన్ పాటల మీద ఆయన వ్యాసం అచ్చయింది. ఇంకేం, దేశద్రోహి అని పత్రికల్లో దుమారం.

దానికి ఆయన జవాబు సంగీతంలో ఉంది. 1923లో బుడా, పెస్ట్, ఓబుడా బుడాపెస్ట్ అనే ఒకే నగరమై యాభై ఏళ్లయిందని నగర పాలకవర్గం సంబరాలు చేస్తూ బార్టోక్‌ని ఒక కృతి అడిగింది. 'డాన్స్ సూట్' రాసిచ్చాడు. అందులో హంగేరీ నడక ఉంది, రుమేనియన్ నడక ఉంది, అరబ్బు నడకా ఉంది. ఏదీ ఊళ్లలో దొరికిన పాట కాదు, అన్నీ ఆయన ఊహించి కట్టినవే. నృత్యానికీ నృత్యానికీ మధ్య ఒక మెత్తటి హంగేరియన్ పల్లవి వచ్చి అందరినీ కలుపుతుంది. దేశభక్తి సంబరంలో పొరుగువాళ్లందరినీ పక్కపక్కన కూర్చోబెట్టేశాడు, ఎవరినీ అడక్కుండా!

కొదాయ్‌ని మర్చిపోయానని అనుకుంటున్నారేమో. ఆయన ఇన్ని దేశాలు తిరగలేదు. తన ఊరినే లోతుగా తవ్వుకున్నాడు. ఆయన రాసిన సంగీత నాటకం 'హారీ యానోష్' (1926) కథ మనవాళ్లకు తప్పకుండా నచ్చుతుంది. నెపోలియన్‌ని నేనొక్కణ్నే ఓడించాను, చక్రవర్తి కూతురు నా మీద మనసు పడింది అని కల్లు దుకాణంలాంటి చోట కూర్చుని కోతలు కోసే ముసలి సిపాయి కథ అది. మొదలవడమే ఆర్కెస్ట్రా మొత్తం ఒక పెద్ద తుమ్ము తుమ్ముతుంది! మనకు బల్లి పలికితే చెప్పిన మాట సత్యమైనట్టు, వాళ్లకు వినేవాడు తుమ్మితే సత్యమట. మన దగ్గరయితే ఆ తుమ్ముకి ప్రయాణమే ఆగిపోయేది. కోతలన్నీ ఒక ఎత్తు, మధ్యలో హారీ, అతని ప్రియురాలు ఎర్జె ఇంటిమీద బెంగతో పాడే యుగళగీతం ఒక ఎత్తు. అది అచ్చమైన జానపద గీతం. వెనకాల సుత్తుల్లాంటి చిన్న కర్రలతో తీగల మీద కొట్టి వాయించే సింబలోమ్ మోగుతుంటుంది. మన సంతూర్ చూసినవాళ్లకి దాని పోలిక వెంటనే తెలుస్తుంది.

1939లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సెర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రా యాభై ఏళ్ల పండక్కి కొదాయ్ రాసింది 'నెమలి వైవిధ్యాలు'. ఒక నెమలి ఎగిరొచ్చి జిల్లా అధికారుల కచేరీ మేడ మీద వాలిందన్న పాత ఖైదీల పాట దానికి ఆధారం. అదే ఐదు స్వరాల పాట, పై మెట్టున పాడి కింది మెట్టుకి దించే ఆ నడకే. నిజానికి దాని గురించి ఇంకో వింత ఉంది. ఎంతో దూరాన, రష్యాలో వోల్గా నది ఒడ్డున ఉండే మారి, చువాష్ జాతుల పాటల్లోనూ ఇదే నిర్మాణం ఉందని కొదాయ్ చూపించాడు. హంగేరియన్లు తూర్పు నుంచి వలస వచ్చి వెయ్యేళ్లు దాటింది. భాష ఎంతో మారింది, మతం మారింది, ఈ పాట నడక మాత్రం మిగిలింది. 1936లో బార్టోక్ టర్కీ వెళ్లాడు. స్వరకర్త అద్నాన్ సైగున్ తోడుగా అదానా ప్రాంతంలో ఒక ముసలాయన చేత పాడిస్తే, మొదటి పాటే హంగేరీలో తను విన్న ఒక పాటకి తోబుట్టువులా ఉంది. ఆయన తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడట.

ఒక్క విషయంలో మాత్రం నాకు బార్టోక్‌తో పేచీ ఉంది. పట్నపు సంగీతం మీద కోపంతో రోమా వాద్యకారుల మీద ఆయన మరీ పరుషంగా రాశాడు. వాళ్లు చేసిన తప్పేముంది? అడిగింది వాయించారు. సొంత పాటలు వాళ్లకు వేరే ఉన్నాయని ఆయనే ఒప్పుకున్నాడు కూడా. ట్రాన్సిల్వేనియా ఊళ్లలో పెళ్లిళ్లకు వాయిస్తూ పాత వాద్య సంగీతాన్ని బతికించినవాళ్లలో చాలామంది రోమాలే. కొదాయ్‌కి ఆ కోపం అంత లేదు. చిన్నప్పుడు గలాంతాలో విన్న రోమా బృందాన్ని తలచుకుంటూ, 1800 ప్రాంతంలో అచ్చయిన వెర్బుంకోష్ బాణీలతో 1933లో 'గలాంతా నృత్యాలు' రాశాడు. ఆ కృతి వింటే కాళ్లు ఆగవు. ఆఖరికి బార్టోక్ కూడా మెత్తబడ్డాడు లెండి. 1938లో అమెరికన్ జాజ్ క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ కోసం రాసిన 'కాంట్రాస్ట్స్'లో మొదటి భాగం పేరేమిటో తెలుసా? వెర్బుంకోష్!

బార్టోక్ రాసినవాటిలో ఏది ముఖ్యం అంటే, నేనైతే 'కాంటాటా ప్రొఫానా' (1930) అంటాను. 1914లో ట్రాన్సిల్వేనియాలో రుమేనియన్ పల్లెవాసుల దగ్గర విన్న క్రిస్మస్ నాటి గాథ అది. ఒక తండ్రికి తొమ్మిదిమంది కొడుకులు. సేద్యం నేర్పలేదు, వ్యాపారం నేర్పలేదు, వేట ఒక్కటే నేర్పాడు. వేటాడుతూ వేటాడుతూ అడవిలో ఒక మాయవంతెన దాటి తొమ్మిదిమందీ దుప్పులైపోయారు. తండ్రి వెతుక్కుంటూ వెళ్లి, బాణం ఎక్కుపెడితే పెద్ద దుప్పి మాట్లాడింది. ఇంటికి రండిరా, అమ్మ ఎదురుచూస్తోంది, దీపాలు వెలిగించి ఉన్నాయి అని తండ్రి బతిమాలాడు. మా కొమ్ములు ఇంటి గుమ్మంలో పట్టవు, మా నోళ్లు ఇక గ్లాసుల్లో తాగవు, ఊటనీళ్లే తాగుతాయి అన్నది ఆ దుప్పి. రుమేనియన్ మాటల్ని బార్టోక్ తనే హంగేరియన్‌లోకి తెచ్చుకుని గాయకులకూ ఆర్కెస్ట్రాకూ రాశాడు. మొదట్లో వచ్చే ముడుచుకున్న స్వరాల వరస చివరికి అద్దంలో చూసినట్టు తిరగబడి విప్పారుతుంది. అలా విప్పారిన వరస మన 64వ మేళకర్త వాచస్పతి మెట్లే. రుమేనియన్ పల్లెల్లో ఆయన ఎన్నోసార్లు విన్న వరస కూడా అదే. ఈ కృతిలో ఆయన ఒక్క జానపద బాణీనీ వాడుకోలేదు. ఆయన చెప్పిన మూడో దారికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

తర్వాత ఆయన 1940లో నాజీల నీడ పడుతున్న దేశం వదిలి అమెరికా వెళ్లడం, కొలంబియా విశ్వవిద్యాలయంలో సెర్బు, క్రొయేషియన్ పాటలు రాసుకుంటూ కూర్చోవడం, 1945లో న్యూయార్క్‌లో పోవడం అందరూ రాసేదే. కొదాయ్ ఉన్నచోటే ఉండి 1967 దాకా బతికాడు. పిల్లలు మాట నేర్చుకున్నట్టే పాటా నేర్చుకోవాలని పట్టుబట్టి, ఊరి పాటలతోనే స్వరాలు నేర్పే పద్ధతిని దేశమంతా బళ్లలో పెట్టించాడు. ఇప్పుడు చాలా దేశాల సంగీతం టీచర్లు కొదాయ్ పద్ధతి అనేది దాన్నే.

ఇంతసేపూ చెప్పించుకుని, ఏది వినాలో చెప్పవేం అంటారేమో. మొదట 'రుమేనియన్ జానపద నృత్యాలు' పెట్టుకోండి, మొత్తం కలిపి కాఫీ చల్లారేలోపు అయిపోతాయి. ఇంట్లో పియానో గానీ కీబోర్డు గానీ నేర్చుకునే పిల్లలుంటే 'పిల్లల కోసం' తెప్పించండి. మొదటి ముద్రణలో 85 చిన్న చిన్న ముక్కలు, అన్నీ హంగేరీ, స్లొవాక్ పల్లె పాటలే, వేళ్లు తిరగడానికి కష్టపడక్కర్లేదు. ఆ తర్వాత 'గలాంతా నృత్యాలు', 'నెమలి వైవిధ్యాలు'. చెవి కాస్త అలవాటు పడ్డాక 'డాన్స్ సూట్', దాని తర్వాత 'బ్లూబియర్డ్', వీలైతే రాత్రి పూట. 1928లో రాసిన నాలుగో స్ట్రింగ్ క్వార్టెట్‌ని మాత్రం ఆఖరికి అట్టేపెట్టుకోండి. మొదటే దాని జోలికి వెళ్లి, ఇదేం గోలండీ, ఇందులో పల్లె పాట ఎక్కడుందండీ అని నన్ను తిట్టుకుంటే నా పూచీ లేదు.